తాళం లేని అర

ఆసుపత్రి నేలమాళిగలో బట్టలుతికే విభాగం ఉంది. పైన ఎవరు పుట్టినా, ఎవరు పోయినా దుప్పటి మాత్రం అక్కడికే దిగాలి. యంత్రాల హోరు, సబ్బు ఆవిరి, ఏ కాలంలోనూ ఆరని గోడలు. అక్కడ దుప్పట్లు మడిచే ఆమెను డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరూ మడతలక్క అనే పిలుస్తారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో.

దుప్పటి మడత ఒక్కరి పని కాదు. ఇద్దరు చెరో కొస పట్టుకుని ఎడంగా నిలబడాలి. ఒకసారి విదిలించి, నిలువుగా మడిచి, ఒకరి వైపు ఒకరు నడవాలి. చేతులు కలిసిన చోట ఒకామె తన కొసలు రెండో ఆమెకు అప్పగించి, వంగి కింది మడత అందుకోవాలి. రోజంతా ఇదే నడక. అక్కకు ఎదురుగా నిలబడేది ప్రార్థన వదిన. నిజానికి వరస ఏమీ లేదు, పక్కపక్క సందుల్లో ఉంటూ ఏళ్ల తరబడి కలిసి పని చేయడంతో కలిసిన వరస అది. వదిన పని చేస్తూనే పైకి ప్రార్థన చేస్తుంది. ఆమె గొంతు ఆగిందంటే యంత్రమేదో పాడైందనుకుని సూపర్‌వైజరు పరిగెత్తుకొస్తాడని అక్కడివాళ్లు నవ్వుకుంటారు.

అక్క తన కథ నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది, ఎక్కువగా భోజనాల వేళ, నేలమాళిగ మెట్ల మీద. అడిగితే చెప్పేది కాదు. అడగకుండా పక్కన కూర్చుంటే చెప్పేది.

ఆమె భర్త తాళాల మేస్త్రి. బస్టాండు పక్క సందులో రేకు డబ్బా కొట్టు, దాని మూడు వైపులా వేలాడే తాళంచెవులు. గాలి వీస్తే కొట్టంతా గలగలమనేది. తాళంచెవి పోయిందని పరిగెత్తుకొచ్చిన వాళ్లను ఆయన ముందు అడిగే మాట ఒకటే.

"జేబులు చూసుకున్నారా?"

సగం మంది అక్కడికక్కడే నాలిక్కరుచుకుని వెనక్కి పోయేవాళ్లు. ఊరికే ఒక చుట్టు తలుపు దాకా వెళ్లి డబ్బులు తీసుకోవచ్చుగా, ఈపాటికి మేడ కట్టేవాళ్లం అని అక్క దెప్పేది.

"మేడ కడితే దానికి తాళం వెయ్యాలి. అది తియ్యలేని వాడెవడు మనింట్లో?" అనేవాడాయన.

మాట అంత తీపి. తాగుడు కూడా మొదట్లో ఆ మాటల్లాగే సరదాగా ఇంట్లోకి వచ్చింది. పని అయ్యాక సాయంత్రం. తర్వాత మధ్యాహ్నం. చివరికి పొద్దున్నే గుక్క పడితే గానీ చెయ్యి నిలిచేది కాదు. పడకపోతే ఆకురాయి తాళంచెవిని వదిలి బొటనవేలి మీద నడిచేది. పక్కన టీ అమ్మేవాడు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు: "పొద్దున్నే మేస్త్రి దగ్గర తాళంచెవి చేయించుకోకండి బాబూ. దాంతో ఊళ్లో తలుపులన్నీ తెరుచుకుంటాయి, మీ ఇంటిది తప్ప."

అక్క సీసాలు దాచింది. బీరువాలో పెట్టి తాళం వేసింది, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళాలన్నీ వేసినవి వేసినట్టే ఉండేవి, సీసా మాత్రం తేలికయ్యేది. ఆయన తీసి, తాగి, మళ్లీ మర్యాదగా తాళం వేసేవాడు. ఎలా పట్టుకున్నావని నేనడిగితే ఆమె నవ్వింది, ఆ విషయంలో నవ్వగలిగింది ఇంకా అదొక్కటే కాబోలు. "ఆ పెట్టె మూత ఎత్తితే కిర్రుమనేది. ఒకరోజు కిర్రుమనలేదు. దొంగతనానికొచ్చి కీలుకు నూనె రాసి పోయాడు మహానుభావుడు. చెయ్యి ఊరుకోదుగా!"

ఇంట్లో వంటగది గోడకు దేవుడి అర ఉంది. తలుపుల్లేని చెక్క అర, అందులో చిన్న దీపం, ప్రార్థన పుస్తకం. సాయంత్రం పని నుంచి రాగానే కాళ్లు కడుక్కుని దాని ముందు కూర్చునేది. అడిగేది ఒకటే. ఆయన చేత మాన్పించు. ఏళ్లు గడిచినా అడగడం మానలేదు, వదిన మాననివ్వలేదు. వదిన మొగుడు కూడా ఒకప్పుడు తాగేవాడు. ఒకరోజు వదిన సీసా పారబోసి, ఆయన చేత దేవుడి ముందు ఒట్టు వేయించింది. ఆయన నాలుగు రోజులు విసుక్కుని, తర్వాత ఇక ముట్టలేదు. వదిన కళ్లతో చూసిన సంగతి అది. అబద్ధం కాదు.

మేస్త్రి కూడా ఒట్లు వేశాడు. వేసిన ప్రతిసారీ మనసారా వేశాడు. తప్పిన ప్రతిసారీ ఏడ్చాడు.

ఒకసారి ఉతకడానికి వచ్చిన దుప్పట్లలో ఒక వార్డువి చెమటతో తడిసి ముద్దయి, అంచులు పీలికలై వస్తున్నాయని అక్క గమనించింది. మడిచినవి పైకి చేర్చే బండి తోసుకుంటూ వెళ్లినప్పుడు ఆ వార్డు ఏమిటని నర్సును అడిగింది. తాగుడు మాన్పించే వార్డు అంది నర్సు. ఇన్నేళ్లూ ఆ దుప్పట్లు మడుస్తూ, అది తన ఇంటి సంగతేనని తెలియలేదు అక్కకు. ఆ వార్డు డాక్టరమ్మను కలవడానికి మాత్రం మనసు ఒప్పలేదు. నీ వల్ల కాలేదు గనక ఇంకొకరి దగ్గరికి పోతున్నానని దేవుడి ముఖం మీదే చెప్పినట్టు అనిపించిందట. చివరికి ఒకరోజు లిఫ్టు దగ్గర ఆ మాటే డాక్టరమ్మతో అనేసింది.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మా ఓపీ వేళలో మీ దేవుడు అడ్డొచ్చాడా అమ్మా ఎప్పుడైనా?" అంది.

"రాలేదమ్మా."

"నేనూ మీ ప్రార్థన వేళలో అడ్డురాను. ఆయన్ని తీసుకురండి."

తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఆయన కాలేయం నొక్కి చూసింది, చేతులు చాపించి చూసింది. వార్డులో మంచం ఖాళీ లేదు. కొన్ని వారాలు ఆగాలి. అంతవరకూ రోజూ మాత్రలు వేసుకోవాలి. ఆమె ముఖ్యంగా చెప్పింది ఇంకొకటి, అక్కనే చూస్తూ చెప్పింది.

"ఉన్నపళంగా మాన్పించొద్దు. ఈయన ఒళ్లు దానికి అలవాటు పడిపోయింది. ఒక్కసారి ఆపితే ఫిట్సు రావచ్చు, ప్రాణమే పోవచ్చు. కొలిచి ఇవ్వండి. నెమ్మదిగా తగ్గించండి. వణుకు ఎక్కువైనా, మాట తడబడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, మంచం ఉందా లేదా అని చూడకుండా తీసుకొచ్చేయండి."

"నేనా? నా చేత్తో నేను పొయ్యాలా?"

"ఆయన చేత్తో పోసుకుంటే కొలత ఉంటుందా అమ్మా?"

ఇంటికొచ్చాక అక్క సీసా బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు తియ్యలేని తాళం ఒకటి చెప్పయ్యా. అందులో పెడతా."

ఆయన నిజంగానే ఆలోచించాడు, గిరాకీ వచ్చి అడిగినంత శ్రద్ధగా. "బ్యాంకుల్లో ఉంటాయి. అవి మనకెందుకు" అన్నాడు. తర్వాత దేవుడి అర వైపు చూపించాడు. "అక్కడ పెట్టు."

"మతిగాని పోయిందా నీకు? దానికి తలుపే లేదు."

"అందుకే చెప్తున్నా. తాళం కనిపిస్తే ఈ చెయ్యి ఊరుకోదు. అక్కడికి రాదే. ఇన్నేళ్లలో ఎప్పుడైనా వచ్చిందా?"

రాలేదు. ఎంత తాగినా ఆ అర జోలికి పోలేదాయన. అక్క సీసాను తువ్వాలులో చుట్టి, దీపం వెనక్కి జరిపి పెట్టింది. ఆ సాయంత్రం కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన చేసిందట. తెరిస్తే సీసా కనబడుతుందని.

తర్వాతి రోజులు ఆమె బతుకులోకెల్లా విచిత్రమైనవి. దగ్గుమందు సీసా మూతతో కొలిచి పొద్దునా సాయంత్రం తనే పోసేది. ఆయన మాత్ర వేసుకునే పిల్లాడిలా రెండు చేతులా అందుకుని తాగేవాడు. తాగి, "పెళ్లాం చేత పోయించుకుని సిగ్గుతో తాగేవాడు లోకంలో నేనొక్కణ్ణే" అనేవాడు. మూతలు తగ్గుతూ వచ్చాయి. గోరువెచ్చగా అన్నం తినడం మొదలుపెట్టాడు. ఆకురాయి మళ్లీ మాట వినసాగింది. ఒక మధ్యాహ్నం కొట్టుకెళ్తే తలవంచుకుని పని చేసుకుంటున్నాడట, ఆమె వచ్చిన సంగతే గమనించలేదట. "నన్ను చూడకపోతే అంత సంతోషమేసింది ఆ ఒక్కరోజే" అంది అక్క.

ఈ సంగతి ఆమె వదినకు చెప్పలేదు. ఎలా చెప్తుంది? దేవుడి పక్కన సీసా పెట్టానని చెప్పాలా, మొగుడికి నేనే పోస్తున్నానని చెప్పాలా? మంచం దొరికి, ఆయన బాగై వచ్చాక అన్నీ ఒకేసారి చెప్పి నవ్వుకోవచ్చనుకుంది.

వారానికోసారి ఆ సందుల్లోని ఆడవాళ్లు ఎవరో ఒకరి ఇంట్లో చేరి ప్రార్థన చేసుకుంటారు. ఆ వారం అక్క ఇంట్లో. అక్కకు సాయంత్రం దాకా పని ఉంది, వదినకు సెలవు. ఇల్లు సర్దుతానని వదిన ముందే వచ్చింది. ఆ ఇంటి తాళంచెవి ఆమె దగ్గర ఎప్పటి నుంచో ఉంది, మేస్త్రి చేసిచ్చిందే. గది ఊడ్చింది, చాపలు పరిచింది, దేవుడి అర దుమ్ము దులుపుదామని దీపం జరిపింది.

సాయంత్రం అందరూ వచ్చాక, అక్క ఇంకా చెప్పులు విడుస్తుండగానే వదిన ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"నీ మొగుడు సీసా ఎక్కడ దాచాడో తెలుసా? చెప్తే నా నాలుక కాలాలి. దేవుడి వెనక! పారబోశా. కాలవలోకి ఒంపి, సీసా కడిగి మరీ అవతల పారేశా."

గదిలో ఆడవాళ్లందరూ గుమ్మం వైపు చూశారు. మేస్త్రి అప్పుడే కొట్టు కట్టేసి వచ్చి అక్కడ నిలబడి ఉన్నాడు. అక్క నోరు తెరిచింది. నేను పెట్టాను అనే రెండు మాటలు. అంతకుముందే ఆయన అన్నాడు:

"నేనేనమ్మా దాచింది. తప్పైపోయింది."

"ఇక ముట్టనని ఈ అందరి ముందూ చెప్పు తమ్ముడూ" అంది వదిన, కన్నీళ్లు పెట్టుకుంటూ. ఆమెకు ఆయనంటే ప్రేమ, అది ఎవరూ కాదనలేరు.

"ముట్టను."

ఆ రోజు ప్రార్థన చాలా గట్టిగా జరిగింది. అందరూ వెళ్లాక అక్క తువ్వాలు మడిచి పక్కన పెట్టి, "నేను వెళ్లి ఇంకోటి తెస్తా" అంది.

"నువ్వు సారా కొట్టుకు పోతావా? నే బతికుండగానా?"

"అయితే నువ్వే తెచ్చుకో. డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"అంతమంది ముందు అన్నానే. మంచం రేపో మాపో ఇస్తారుగా. ఇప్పుడు పుచ్చుకునేది కూడా ఎంతని? మునుపటి దాంట్లో సగమేగా. ఈసారి ఒక్క ఒట్టయినా నిలబెట్టుకోనీ."

ఆమె ఇంకా వాదించి ఉండేది. కానీ ఆయన ముఖంలో ఏళ్లుగా చూడని ఒక నిటారుతనం కనబడింది. ఆమె కూడా అడిగింది అదేగా ఇన్నేళ్లూ? దేవుడు ఇలా వదిన చేతులతో వచ్చాడేమో, తను అడ్డుపడటం ఏమిటనుకుంది. అలా ఊరుకుంది.

మర్నాడు చొక్కా తడిసేలా చెమట. అన్నం సహించలేదు. ఆసుపత్రికి పోదాం పదమంటే, వదిన మొగుడికీ ఇలాగే అయిందటగా, పోతుంది అన్నాడు. ఆ మరుసటి పొద్దున వేళ్లు చొక్కా గుండీలు పట్టుకోలేకపోయాయి. గుండీలు ఆమే పెట్టింది. కొట్టుకు వెళ్లొద్దంది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందన్నాడు. ఆయన వినకుండా కొట్టుకు బయల్దేరితే, దేవుడి మీద ఆన, డాక్టరమ్మతో చెప్పి ఇవాళే నిన్ను ఈడ్చుకెళ్తానని, ఆమె ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టరమ్మ మాట పూర్తిగా విననేలేదు. "ఆపి ఎంతసేపయింది? ఎక్కడున్నాడు? ముందు తీసుకురండి, మంచం సంగతి నేను చూస్తా" అని లేచి నిలబడింది. అప్పటికే బస్టాండు సందులో ఆయన కొయ్యబారి వెనక్కి విరుచుకుపడ్డాడు. తల, తాళాలు బిగించే ఇనప దిమ్మెకు తగిలింది. టీ అమ్మేవాడే ఆటోలో వేసుకొచ్చాడు. అక్క మెట్లు దిగుతుంటే, కింద స్ట్రెచర్ మీద ఆయన ఎదురొచ్చాడు.

మంచం దొరికింది. అందులో కొన్నాళ్లు తెలివి లేకుండా ఉండి, వెళ్లిపోయాడు. ఆయన పడుకున్న దుప్పట్లు కూడా కిందికే దిగి ఉంటాయి. ఏవో ఆమెకు తెలియలేదు. అన్నీ ఒకటే తెలుపు.

ఒక్కసారిగా ఆగిపోవడం వల్లే ఇలా అయిందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అక్క ఆ మాట తనలోనే ఉంచుకుంది. మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు వదిన దుప్పటి కొసలు పట్టుకుని ఎదురుగా నడిచొచ్చింది. చేతులు కలిసిన చోట ఆగి, "ఒక్క చుక్క ఒంట్లో లేకుండా పోయాడే. శుభ్రంగా పోయాడు. అదొక్కటి తలుచుకో" అంది. అక్క తన కొసలు ఆమెకు అప్పగించి, వంగి కింది మడత అందుకుంది.

అప్పట్నుంచి ప్రార్థనకు చేరిన ప్రతిచోటా వదిన ఆ మాట చెప్పేది. దేవుడి వెనక దొరికిన సీసా, అందరి ముందు వేసిన ఒట్టు, మాట మీద నిలబడి వెళ్లిపోయిన తమ్ముడు. వినేవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. అక్క గోడకు ఆనుకుని వినేది. కోపం రాలేదా అని ఒకసారి నా నోటి నుంచి వచ్చేసింది. ఆమె మెట్టు అంచును గోటితో గీరింది. "వచ్చింది. కానీ ఎవరి మీద పెట్టను? ఆమెది ప్రేమ. ఆయనది పరువు. నాది ఆశ. ఇందులో చెడ్డవాళ్లెవరో నువ్వే చెప్పు."

ఆ గుంపులోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, లారీ డ్రైవరు భార్య. చంకలో పాప. ఒకనాడు వదిన ఆ కథ చెప్పడం అయ్యాక ఆ అమ్మాయి ఏడుస్తూ లేచింది. మా ఆయన కళ్లు తెరిస్తే తాగుతాడు, తాగకపోతే చేతులు వణుకుతాయి, నేనేం చెయ్యను అంది.

"ఏముందే పిచ్చిదానా" అంది వదిన. "ఇవాళే ఉన్నదంతా పారబొయ్యి. గదిలో పెట్టి గొళ్లెం పెట్టు. ఎంత అరిచినా తియ్యకు. మేమందరం బయట కూర్చుని ప్రార్థన చేస్తాం."

"ఇప్పుడే వెళ్లి పారబోస్తా" అని ఆ అమ్మాయి చెప్పులు వెతుక్కుంది.

"పారబొయ్యకు."

గోడ దగ్గర్నుంచి వచ్చింది ఆ మాట. ఆ ప్రార్థనల్లో అక్క గొంతు ఎవరూ విన్నది లేదు. లేచి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"వణుకుతున్నాయన్నావుగా. ఉన్నపళంగా ఆపితే చచ్చిపోతాడమ్మా. ముందు ఆసుపత్రికి. వాళ్లు చూసుకుంటూ ఆపుతారు. ప్రార్థన అక్కడా చేసుకోవచ్చు."

"అదేమిటే?" అంది వదిన. "మా ఆయన చావలేదే!"

"మీ ఆయన ఒళ్లు తట్టుకుంది వదినా. మా ఆయన ఒళ్లు తట్టుకోలేదు. ఆ సీసా నేను పెట్టాను అక్కడ. డాక్టరమ్మ కొలిచి పొయ్యమంటే నేనే పోశాను."

వదిన చుట్టూ చూసింది, ఎవరైనా కాదంటారేమోనని. తర్వాత నెమ్మదిగా కూలబడినట్టు చాప మీద కూర్చుంది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే వస్తాడా?"

"మరి ఇవాళెందుకు చెప్పావు?"

"ఈ అమ్మాయి మొగుడు ఇంకా బతికున్నాడుగా."

ఆ సాయంత్రమే అక్క, ఆ అమ్మాయి కలిసి డ్రైవర్ని ఆటో ఎక్కించారు. నన్ను పిచ్చాసుపత్రికి తీసుకుపోతున్నారని దారంతా తిట్టాడు. పిల్లకు చెవులుంటాయి, పెద్దయ్యాక అంతా ఒప్పజెబుతుంది అని అక్క అంటే కాస్త తగ్గాడు. ఈసారి డాక్టరమ్మ మంచం కోసం ఆగలేదు, వార్డు లోపలే అదనంగా ఒకటి వేయించింది. అతను నిలబడతాడో మళ్లీ జారతాడో ఎవరూ చెప్పలేరు. డాక్టరమ్మ కూడా చెప్పలేదు. ఒళ్లు మాత్రం గట్టెక్కుతుందంది.

రెండో రోజు వదిన వచ్చింది. పనిలోకి రాలేదు, నేరుగా వార్డు ముందుకు వచ్చింది. ముఖం ఉబ్బిపోయి ఉంది. లోపలికి వెళ్లి ప్రార్థన చెయ్యొచ్చా అని డాక్టరమ్మను అడిగింది.

"చేసుకోండమ్మా. సెలైను గొట్టం తగలకుండా నిలబడండి చాలు."

వదిన మంచం దాకా వెళ్లింది. డ్రైవరు నిద్రలో ఉన్నాడు, నుదుటి మీద చెమట పట్టి. యంత్రాల హోరును దాటి వినిపించే మనిషి అక్కడ చాలాసేపు చేతులు జోడించుకుని నిలబడింది. పెదవులు కదల్లేదు. బయటికొచ్చి అక్క పక్కన బల్ల మీద కూర్చుంది.

"నోరు రావడం లేదే" అంది.

అక్క పక్కకు జరిగి, ఆమెకు ఆనుకోవడానికి చోటిచ్చింది.

"అయితే ఊరికే కూర్చో వదినా."